మూడు గుంటల ఉతారు

ఈ కథ చెప్పేవాడికి తన జ్ఞాపకం మీద అంత భరోసా లేదని ముందే ఒప్పుకోవడం మంచిది. జరిగింది రెండు వేల ఒకటిలోనా, ఆ మరుసటి ఏడా అని అడిగితే అతడు తడబడతాడు. ఆ ఏడాదే నాందేడులో అతడు ఎవరో వాడి వదిలేసిన స్కూటరు ఒకటి కొన్నాడనీ, దాని హారను మోగేది కాదనీ, దాన్ని నిలబెట్టే చోటు కోసం రోజూ ఊరంతా తిరిగేవాడనీ మాత్రం గట్టిగా గుర్తుంది. స్కూటరు రంగు ఎరుపని అనుకుంటాడు. తుప్పు అయినా కావచ్చు. జ్ఞాపకం ఏటి ఒడ్డులాంటిది. నిన్న కాలు మోపిన చోటు ఇవాళ అక్కడే ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి తేదీలను వాటి మానాన వదిలేసి మనుషులను పట్టుకుని చెప్పడమే క్షేమం.

ఉమాబాయి రోజు ఒక ప్రశ్నతో మొదలయ్యేది. తెల్లవారి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, కొంగు బిగించి, నాందేడులోని ఆ తెలుగువాళ్ల గల్లీ చివర ఉన్న చాయ్ టపరి దాకా నడిచేది. ఆ చిన్న కొట్టు జనాబాయిది. "ఇయ్యాల ఉతారు యాడున్నదక్కా?" అని ఉమాబాయి అడిగితే, జనాబాయి మరిగే గిన్నె మీది నుంచి చూపు తిప్పకుండానే గోడకు వేలాడే పలకను గరిటెతో చూపించేది. పంపుహౌసు కింద, బట్టలుతికే బండల పక్కన, పాత వంతెన రెండో కాలు దగ్గర, ఇలా రోజుకొక మాట సుద్దముక్కతో రాసి ఉండేది. చదువు రాని ఉమాబాయి కోసం జనాబాయి దాన్ని పైకి కూడా చెప్పేది. ఆ తరువాతే చాయ్.

ఉతారు అంటే ఏటవాలు నేల. గోదావరిని అక్కడ అందరూ గంగ అనే అంటారు. ఆ గంగ ఒడ్డున మెట్లకు లోటు లేదు. నల్లరాతి మెట్లు, సిమెంటు మెట్లు, ఎవరో పుణ్యానికి కట్టించిన పాలరాతి మెట్లు కూడా ఉన్నాయి. కానీ మెట్లు కాళ్లున్నవాళ్ల కోసం కట్టినవి. నావకు కాళ్లు లేవు. ఇనుపరేకు నావను మెట్ల మీది నుంచి దింపాలంటే ఆరుగురు మోయాలి, మోసినా దాని అడుగు సొట్టలు పడకుండా ఉండదు. అదే ఏటవాలు నేల మీదైతే ఒంటరి ఆడమనిషి రెండు చేతులతో నెట్టి నీళ్లలోకి జార్చేయవచ్చు. అటువంటి నేల ఊరి పొడుగునా ఒక్కటే ఉండేది. ఆ ఒక్కటీ ఒకచోట ఉండేది కాదు.

ఇందులో ఎవరికీ వింత తోచేది కాదు. దెగ్లూరు బస్సు ఇవాళ ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడిందో కనుక్కున్నట్టే ఉతారు ఎక్కడ నిలబడిందో కనుక్కునేవారు. దాని స్వభావం అందరికీ తెలుసు. అమావాస్య నాడు కదిలేది కాదు. వాన పడితే కాస్త పైకి జరిగేది. హారను మోత దానికి గిట్టేది కాదు. ఒకసారి పొరుగూరి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన జీపును తెచ్చి సరిగ్గా దాని మీదే నిలబెట్టి, డ్రైవరును పిలవడానికి అరగంట సేపు హారను కొట్టాడు. మరునాడు ఉతారు ఎప్పటిలా మరోచోట ఉంది. జీపు మాత్రం ఆ పెద్దమనిషి ఊరికి పోయే రోడ్డు మీద, ఆ ఊరి వైపు ముఖం పెట్టి, ఒక్క గీత కూడా పడకుండా నిలబడి ఉంది. ఆయన దాన్ని మర్యాదగానే తీసుకున్నాడు.

ఉమాబాయికి యాభై దాటాయి. బెస్తవాళ్ల బిడ్డ, పుట్టిల్లు బిలోలి దగ్గర మంజీర ఒడ్డు. భర్త రామదాసు మూతపడిన మిల్లులో పాతికేళ్లు హాజరు పుస్తకం రాసినవాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని వలలకు కన్నాలు పూడుస్తాడు, గల్లీ వాళ్లకు మరాఠీలో అర్జీలు రాసిపెడతాడు. నావ నడిపేది, చేపలు పట్టేది, అమ్మేది ఆమే. నావ పదహారు అడుగుల పొడుగు, నాలుగు అడుగుల వెడల్పు. దానికి ఆకుపచ్చ రంగు ఆమె తన చేత్తోనే వేసుకుంది. నీళ్లలోనే కట్టేసి వదలవచ్చు గదా అని తెలియనివాళ్లు అనేవారు. పైన ఆనకట్ట తలుపులెత్తిన రోజు కట్టిన తాడుతో సహా నావలు నిజామాబాదు దిక్కుకు పోవడం ఆమె చూసింది. అందుకని పని కాగానే దాన్ని తోపుడుబండి మీదికి ఎక్కించి, గల్లీకి తెచ్చి, రెండు పాత టైర్ల మీద కూర్చోబెట్టేది.

తగాదా అక్కడ పుట్టేది. ఆ టైర్లు ఉన్నది ఎదురింటి వెంకట్రాములు కిరాణా దుకాణం గోడకు ఆనుకుని. వెంకట్రాములు మంచి మనిషే, కానీ మంచితనానికి దుకాణం వేళలు ఉంటాయి. గిరాకీలు స్కూటర్ల మీద వస్తారనీ, నిలబెట్టే చోటు లేకపోతే బజారుకు పోయి అక్కడే బియ్యం కొంటారనీ, ఉప్పు, పప్పుల మధ్య చేపల వాసన ఏమంత శోభ కాదనీ ఆయన రోజూ ఒకసారి గుర్తు చేసేవాడు. రోజూ చెబుతున్నా, నావ మీద ఎండ పడకుండా తన దుకాణం గోనెపట్టా ఆయనే కప్పేవాడు.

ఆయన మాట పడలేక ఉమాబాయి నావకు వేరే చోటు వెతకని రోజు లేదు. బడి గోడ పక్కన పెడితే పిల్లలు ఎక్కి రాజ్యాలు ఏలారు. దవాఖానా గేటు దగ్గర పెడితే కాంపౌండరు వచ్చి, లోపలికి పోయే రోగులకు ఎదురుగా పడవ కనబడితే ధైర్యం చెడుతుందన్నాడు. బజారులో బండ్లు నిలబెట్టే స్థలం ఒకటుంది. అక్కడి చీటీల మనిషి నావ చుట్టూ రెండుసార్లు తిరిగి, బోర్డు మీద సైకిలుకు, స్కూటరుకు, కారుకు రేట్లు చూసి, "చక్రాలెన్ని?" అని అడిగాడు. లేవని ఆమె చెప్పింది. చక్రాలు లేనిదానికి రేటు లేదు, రేటు లేనిదానికి చీటీ లేదు, చీటీ లేనిదానికి చోటు లేదు అని అతడు తర్కశాస్త్రం చదివినవాడిలా తేల్చాడు. ఆ తర్కంలో ఆమెకు ఏ తప్పూ దొరకలేదు. మళ్లీ బండి తోసుకుని గల్లీకే వచ్చింది.

ఆ సంవత్సరం సంక్రాంతి దాటిన వారానికి నావల పర్వానాలు ఇచ్చే కచేరి నుంచి కొత్త నమూనా కాగితం వచ్చింది. అంతకుముందు పేరు, నావ పొడుగు రాస్తే సరిపోయేది. ఇప్పుడు రెండు కొత్త గళ్లు చేరాయి. నావ నిలబెట్టే స్థలం. నావ నీళ్లలోకి దింపే స్థలం. మార్చి ముప్పై ఒకటి లోపల రెండూ చూపించాలి. చూపించలేని నావకు పర్వానా రద్దవుతుంది, అది ఇక గంగలో కనబడకూడదు.

ఈ కబురు మర్ఖేలు దాకా పోయింది. రామదాసు తమ్ముడు దిగంబర్ అక్కడ వ్యవసాయం చేస్తాడు, ఎనిమిది బర్రెలున్నాయి. అతడు ఆ ఆదివారమే కొలిచే టేపుతో దిగాడు. చాయ్ తాగకముందే నావను పొడుగు, వెడల్పు, లోతు కొలిచి, సంతృప్తిగా టేపు చుట్టుకున్నాడు.

"వదినె, కోపం చెయ్యకు. పర్వానా రాకుంటె ఇది ఇనుప సామాన్లోడికి పోతది. గదే నాకిస్తివనుకో, మా బర్రెలు నీళ్లు తాగెతందుకు పెట్టుకుంట. ఎనిమిదీ వరుసగ నిలబడి తాగొచ్చు, చూసిన."

"నా నావల బర్రెలు మూతులు పెడుతయా మర్దీ?"

"నీ చేపలు పెట్టలేదా ఏంది," అన్నాడు దిగంబర్.

ఉమాబాయి నవ్వింది. దిగంబర్‌తో ఎవరూ నవ్వకుండా ఉండలేరు. కానీ ఆ రాత్రి అన్నంలో ఆమె చెయ్యి తిరగలేదు. పదేళ్లు గంగ మీద నిలిచిన నావ మర్ఖేలు చావిట్లో కుడితి తొట్టి అవుతుందన్న ఊహ, ఎంత హాస్యంగా చెప్పినా, ఆమెను కంచం ముందు నుంచి లేపేసింది.

మరునాడు రామదాసు కళ్లజోడు తుడుచుకుని అర్జీకి కూర్చున్నాడు. నావలు దింపుకోవడానికి పదిమందికీ పనికివచ్చే ఉతారును మాకు చూపించి, దాని స్థలం ఫలానా అని రాసివ్వవలసిందని మరాఠీలో చక్కటి గుండ్రటి అక్షరాలతో రాశాడు. రాసింది అంతా బాగుంది, ఒక్క మాట తప్ప. మరాఠీలో ఏటవాలును ఉతార్ అంటారు. తెలుగువాడి నోట్లో పడిన ఏ మాటా చివర ఒక అచ్చు తగిలించుకోకుండా బయటికి రాదు. బస్ బస్సవుతుంది, గేట్ గేటు అవుతుంది. ఆ లెక్కనే ఉతార్ ఆ గల్లీలో ఉతారు అయింది. దాన్ని తిరిగి మరాఠీలోకి దించేటప్పుడు రామదాసుకు ఆ తోక కోయడానికి మనసొప్పలేదు. కోస్తే మాట బోసిగా కనబడిందట. సర్కారు కాగితం గదా అని ఇంకాస్త గౌరవంగా దీర్ఘమిచ్చి, ఉతారా అని రాశాడు.

ఉతారా అంటే ఏటవాలు కాదు. ఫలానా భూమి ఎవరిది, ఎంత, అందులో ఏం పండుతుంది అని ఊరి భూముల లెక్క చూసే తలాఠీ రాసి, ముద్ర వేసి ఇచ్చే నకలు. మహారాష్ట్రలో రైతు ఇంటి ట్రంకు పెట్టె అడుగున పెళ్లిచీరతో పాటు దాచుకునే కాగితం అదే.

పన్నెండో రోజున తలాఠీ స్వయంగా గల్లీలోకి వచ్చాడు. పేరు ప్రతీక్. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, దెగ్లూరు వైపు మనిషి, తల్లి వైపు తెలుగు. చంకలో దఫ్తరం, భుజాన కొలిచే గొలుసు. సైకిలును ఎక్కడ నిలబెట్టాలో తెలియక కాసేపు పట్టుకునే నిలబడి, చివరికి నావకే ఆనించాడు.

"మావశీ, ఉతారా గావాల్నని అర్జీ పెట్టింది మీరేనా?" అని పిన్ని వరసలో ఉమాబాయిని అడిగాడు.

"ఉతారు అడిగినం సాబ్. నావ దింపెతందుకు."

"ఈ కాగితంల ఉతారా అని ఉన్నది."

రామదాసు వల పక్కన పెట్టి లేచాడు. "రెండిట్ల ఫరక్ ఎంత సాబ్? ఒక్క దీర్ఘం."

"కాకా, ఆ దీర్ఘంలనే నా నౌకరి ఉన్నది," అన్నాడు ప్రతీక్.

అయితే ఆ కాగితం చింపేసి పొమ్మని ఉమాబాయి సలహా ఇచ్చింది. ప్రతీక్ తల అడ్డంగా ఊపాడు. వచ్చిన కాగితాల పుస్తకంలో అది ఎక్కిపోయింది. ఎక్కిన కాగితానికి జవాబు పోయే దాకా అతడికి అన్నం సహించదు. ఉతారా ఇవ్వాలి, లేదా అటువంటి భూమి లేనే లేదని రాయాలి. "లేదని ఎట్ల రాస్త? ఉన్నది గద?" అని అడిగాడు.

"ఉన్నది. యాడున్నదో రోజు ఎతుక్కోవాలె, గంతే," అంది ఉమాబాయి.

మూడు రోజులు ప్రతీక్ జనాబాయి పలక చూసుకుని కొలతకు పోయాడు. మొదటి రోజు అది పంపుహౌసు కింద ఉంది. ఒడ్డు వెంట అరవై ఆరు అడుగులు, పైనుంచి నీళ్ల దాకా నలభై తొమ్మిదిన్నర. రెండో రోజు బండల పక్కన ఉంది, అవే కొలతలు. మూడో రోజు వంతెన దగ్గర, మళ్లీ అవే. గుణించి, భాగించి చూస్తే సరిగ్గా మూడు గుంటలు, ఒక్క అంగుళం అటూ ఇటూ కాదు. తిరిగేది తిరుగుతూనే తన హద్దు తాను దాటకపోవడం ప్రతీక్‌కు బాగా నచ్చింది. ఒకేచోట కూర్చుని పక్కవాడి గట్టు కొరుక్కు తినే పొలాలను అతడు చాలా చూశాడు. దక్షిణాన గంగ, మిగతా మూడు దిక్కుల ఆ రోజు ఉన్నవి అని హద్దులు రాశాడు. పంట గడిలో ఏం రాయాలో కొంతసేపు ఆలోచించి, నావలు అని రాశాడు.

ఇక మిగిలింది ఒకే గడి. ఎవరిది?

ఆ గడి కోసం నాలుగో రోజు అందరూ ఒడ్డునే కూడారు. దిగంబర్ మళ్లీ వచ్చాడు, ఈసారి టేపు లేకుండా. వెంకట్రాములు దుకాణం మీద గొంగడి కప్పి వచ్చాడు. జనాబాయి కెటిలుతో సహా వచ్చింది. ప్రతీక్ ఒక రాయి మీద కూర్చుని, ఇంతవరకు ఎవరి పేరూ లేని నేల కనుక, పదేళ్లుగా వాడుతున్నవాళ్ల పేరు రాయడానికి తనకు అభ్యంతరం లేదని చెప్పాడు.

"మీ పేరున్న ఉతారా చూపిస్తె నావల కచేరోళ్లు ఇంకో మాట అడగరు మావశీ. జమీన్ మీది. నిలబెట్టేదీ ఆన్నే, దింపేదీ ఆన్నే. రెండు గళ్లూ ఇయ్యాలనే నిండుతయి."

దిగంబర్‌కు కుడితి తొట్టి మీది ఆశ కన్నా వదిన మీది అభిమానమే పెద్దది. "రాయించుకో వదినె. భూమి అడుక్కున్నా రాదు. అదే అచ్చి కాళ్ల కాడ పడుకుంటె అద్దంటవా?" అన్నాడు. వెంకట్రాములు గొంతు సవరించుకుని, ఆమె పేరు మీద ఇబ్బందైతే తన పేరు పెట్టించమనీ, చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, తాళంచెవి మాత్రం ఆమెకే ఇస్తాననీ అన్నాడు. ఆయన అన్నది సాయంగానే. వ్యాపారి సాయానికి గేటు ఉండడం సహజం.

ఉమాబాయి వాళ్ల మధ్య నుంచి బయటికి వచ్చింది. నీళ్ల దాకా నడిచి, పాదాలు తడిసే చోట నిలబడింది. మంజీర ఒడ్డున ఆమె పుట్టినచోట నీళ్లలోకి దారి ఒక్కటే ఉండేది, అది ఒక ఆసామి చేను మీదుగా పోయేది. ఆమె తల్లి రోజూ గంప నెత్తిన పెట్టుకుని కంచె దగ్గర నిలబడి, పోవాల్నా అని కేక వేసేది. ఆసామి చెడ్డవాడు కాదు, ఎప్పుడూ పోవద్దనలేదు. పొమ్మనడానికి మాత్రం ఆలస్యం చేసేవాడు. ఆ సరే వినబడే దాకా తల్లి నిలబడేది, తల్లి కొంగు పట్టుకుని ఆమె నిలబడేది. ఒక మనిషి జీవితంలో అలా నిలబడి పోయిన పొద్దులన్నీ పోగేస్తే ఎన్ని సంవత్సరాలవుతాయో ఉమాబాయి ఎన్నడూ లెక్క కట్టలేదు. లెక్క కట్టకపోయినా ఆ బరువు తెలుస్తూనే ఉంది. కంచెకు ఆవలి వైపు నిలబడడం ఆమెకు తెలుసు. ఈవలి వైపు నిలబడడం ఎట్లా ఉంటుందో ఇప్పుడు ఒక కాగితం అడుగుతోంది.

తిరిగి వచ్చి, "దిగెటోళ్లదని రాయి బిడ్డా," అంది. అంతవరకు సాబ్ అని పిలిచింది.

"దిగెటోళ్లంటె ఎవరు మావశీ? గడిల పేరు గావాలె."

"ఎవరు దిగితె వాళ్ల పేరే. నేను దిగిన్నాడు నాది. జనక్క బట్టలు పిండవోతె జనక్కది. బర్రె దిగితె బర్రెది."

"పర్వానా పోతది వదినె," అన్నాడు దిగంబర్, ఈసారి నవ్వకుండా.

"పోతె నీ బర్రెలున్నయి గద మర్దీ."

ప్రతీక్ కలం మూత తీశాడు. తరువాత ఆ గడిలో దిగేవారు అని రాసి, ముద్ర గుద్ది, ముద్ర మీద ఊది ఆరబెట్టాడు. ఉతారా ఆమె చేతికి వచ్చింది. ఆమెకు చదువు రాదు కనుక రామదాసే దాన్ని అందుకుని, ఉతారుకు ఎదురుగా నిలబడి, పైనుంచి కిందికి గట్టిగా చదివాడు. పాతికేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చివర, "మూడు గుంటలు. హాజర్?" అని పిలిచాడు. చిన్న అల ఒకటి వచ్చి ఆయన చెప్పులు తడిపింది. రామదాసు తల ఊపి, హాజరు వేసుకున్నాడు.

నావల కచేరిలో ఆ కాగితం నెగ్గలేదు. అక్కడి గుమాస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, విస్తీర్ణం ఉంది గానీ చిరునామా లేదన్నాడు. దిగేవారు అనేది పేరు కాదు, ఆ రోజు ఉన్నవి అనేది హద్దు కాదు. ముప్పై ఒకటో తేదీ పొద్దున తనిఖీకి మనిషి వస్తాడు, నావ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ దిగుతుందో కంటికి చూపిస్తే సరి, లేకపోతే పర్వానా రద్దు అన్నాడు. గుమాస్తా తప్పేమీ లేదు. అతడి గడి అంత వెడల్పే ఉంది.

ముప్పయ్యో తేదీ సాయంత్రం దిగంబర్ నావను తీసుకుపోవడానికి టెంపో మాట్లాడుకుని వచ్చాడు. వచ్చాక గంటసేపు దాన్ని నిలబెట్టే చోటు దొరకలేదు. వెంకట్రాములు దుకాణం ముందు సందు లేదు, బడి ముందు తాళం, బజారులో చీటీల మనిషి ఇంటికి పోయాడు. చివరికి ఉమాబాయి గడప ముందు, నావకు మూతి ఆనించి నిలబెట్టి, అలవాటుగా రెండుసార్లు హారను కొట్టి దిగాడు. ఆ హారనుకు జనాబాయి టపరిలో నుంచి తల బయటికి పెట్టి చూసి, పలక మీది మాట చెరిపేసింది.

తెల్లవారి ఉమాబాయి తలుపు తీసింది. చివరి రోజైనా వాకిలి వాకిలే గదా అని ఊడ్చి, చెంబుతో నీళ్లు చల్లింది. చల్లిన నీళ్లు ఎప్పటిలా గుంటల్లో నిలవలేదు. సన్నటి పాయగా కలుసుకుని, నావ పక్క నుంచి, వెంకట్రాములు దుకాణం మెట్టు ముందు నుంచి నిదానంగా దిగుతూ పోయాయి. ఆమె చెంబు పట్టుకునే వాటి వెంట నడిచింది. గల్లీ మలుపు దగ్గర ఇళ్లు భుజాలు ఒదిగించుకుని దారి ఇచ్చినట్టున్నాయి. కట్ట మీది రోడ్డు నడుం వంచింది. నీళ్లు ఆగకుండా పోయి గంగలో కలిశాయి. ఆమె వెనక్కి తిరిగి చూసింది. గంగ నుంచి తన గడప దాకా ఒకే ఏటవాలు, నున్నటి నేల, పైన ఆకుపచ్చ నావ.

టెంపో అక్కడ లేదు. మర్ఖేలుకు పోయే రోడ్డు మీద, మర్ఖేలు వైపు ముఖం పెట్టి ఉందని పాలవాడు చెప్పాడు. దిగంబర్ విని, తల గోక్కుని, బర్రెలకు సిమెంటు తొట్టే చల్లగా ఉంటుందని వదినతో ఒప్పుకున్నాడు.

జనాబాయి పలక మీద ఆ రోజు ఉమాబాయి ఇంటి ముందు అని రాసి ఉంది. గల్లీలో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. వెంకట్రాములు మాత్రం దుకాణం తెరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిది ఉమక్కా, నా బియ్యం బస్తాలన్ని ఒక్క దిక్కుకే ఒరిగినయ్."

"కింద చెక్కలు పెట్టు సేటు."

"పెడుత. మరి స్కూటర్లు? ఈడ నిలబెడితె గంగల పడుతయి."

"నావలల్ల అస్తరు తియ్," అంది ఉమాబాయి. ఆయన ఆ మాట మీద కొంతసేపు ఆలోచించాడు. వారం తిరగకముందే దుకాణం గోడకు తాళ్లు కట్టుకోవడానికి ఇనుప కడియం దిగగొట్టించాడు. అవతలి ఒడ్డు రైతులు ఉప్పుకు, నూనెకు ఇప్పటికీ అక్కడికే వస్తారు.

తనిఖీ మనిషి తొమ్మిదింటికి వచ్చాడు. నావ ఎక్కడ నిలబడుతుంది అని అడిగాడు. ఉమాబాయి వేలితో చూపించింది. ఎక్కడ దిగుతుంది అని అడిగాడు. ఆమె టైర్లు లాగేసి, నావ వెనక అరచేయి ఆనించి, ఒక్క తోపు తోసింది. నావ గల్లీ గుండా తలవంచుకుని పోయే కొత్త కోడలిలా చప్పుడు లేకుండా జారి, కట్ట దాటి, నీళ్లలో నిలబడింది. తనిఖీ మనిషి అది ఆగే దాకా చూసి, "రెండిటికీ ఒకటే చిరునామానా?" అన్నాడు. ఒకటే అని ఆమె చెప్పింది. ఆయన రెండు గళ్లలోనూ ఒకటే రాశాడు. నావకు పర్వానా వచ్చింది. అటు తరువాత ప్రతి ఏడూ వస్తూనే ఉంది.

ఉతారు మళ్లీ కదలలేదు. ఎందుకో ఎవరూ అడగలేదు. కాగితం మీద పేరు చూసుకున్నాక తిరగాలనిపించలేదేమోనని రామదాసు అభిప్రాయం. తాను రాసిన దీర్ఘం వల్లే ఇదంతా అయిందన్నది ఆయన అసలు అభిప్రాయం. మరాఠీలో ఉతారా అంటే విషానికి విరుగుడు అనే అర్థం కూడా ఉందనీ, తాను మొదటి నుంచీ ఆ అర్థంలోనే వాడాననీ ఈమధ్య చెప్పుకుంటున్నాడు. పొద్దున్నే ఇతర నావలు కూడా ఆ గల్లీలో నుంచే దిగుతాయి. ఉమాబాయి గడప మీద నిలబడి ఎవరినీ ఆపదు, ఎవరూ ఆమెను అడగరు. జనాబాయి పలక మీద రోజూ అదే మాట రాయలేక, దాన్ని చెరిపి, చాయ్ ఉంది అని రాసింది.

ప్రతీక్ తనిఖీ జరిగిన సాయంత్రమే వచ్చి కొత్త కొలత తీసుకున్నాడు. పొడుగు అయిదు వందల అడుగులు, వెడల్పు ఆరున్నర, అంటే నావ పట్టి, పక్కన మనిషి నడిచేంత. దూరం రావడం కోసం అది తన వెడల్పు తగ్గించుకుంది గానీ పక్కవాడిది ఒక అడుగు కూడా తీసుకోలేదని అతడు ముచ్చటపడ్డాడు. తీరా గుణిస్తే మూడు గుంటలకు పదిహేడు చదరపు అడుగులు తక్కువ వచ్చింది. మూడుసార్లు కొలిచాడు. గల్లీ అంతా వెతికాడు, నావల కింద, జనాబాయి బెంచీ కింద కూడా చూశాడు. చివరికి తేడా విచారణలో ఉంది అని పక్కన చిన్న అక్షరాలతో రాసి, నిట్టూర్చి, దఫ్తరం మూశాడు.

ఆ విచారణ ఇప్పటికీ ముగియలేదు. ఈ కథ చెప్పేవాడు ఎన్నో మరచిపోయి ఉండవచ్చు గానీ, ఆ పదిహేడు అడుగులు ఎక్కడున్నాయో మాత్రం మరచిపోలేదు. కావాలనే చెప్పకుండా వదిలేశాడు. ఊరి నడుమ, ఒక గోడకూ ఒక వేపచెట్టుకూ మధ్య, అది సరిగ్గా ఒక స్కూటరు పట్టేంత నేల. హారను మోగని స్కూటరు కాబట్టి దానికి ఇంతవరకు ఏ అభ్యంతరమూ లేదు. నాందేడులో బండి నిలబెట్టడానికి చోటు వెతికినవాళ్లెవరైనా ఈ మౌనాన్ని క్షమిస్తారు.